బండి పుస్తకం చూసి చెబుతున్నాను

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ముందు చెబుతాను. మీకు 32 ఏళ్లు, నరసరావుపేటలో ఉద్యోగం, మూడేళ్ల పాప. చేతిలో ఎనిమిది లక్షలున్నాయి. ఆఫీసుకు, పాప ప్లేస్కూలుకు కలిపి రోజూ పాతిక కిలోమీటర్లు తిరగాలి. అమ్మానాన్నలు వినుకొండ దగ్గర ఉంటారు, మీరు నెలకు రెండుసార్లు వెళ్లొస్తారు. సంక్రాంతికి అన్నదమ్ములంతా కలుస్తారు కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో ఏడు సీట్ల డీజిల్ బండి తీసుకోమని మీ బావగారు అంటున్నారు. కొత్త చిన్న కారు చాలని మీ శ్రీమతి అంటున్నారు. "మీరు నలభై ఏళ్లుగా కార్లు వాడుతున్నారు కదా, ఏది కొన్నందుకు సంతోషించారు, ఏది కొనకుండా ఉండాల్సింది అనుకున్నారు?" అని నన్ను అడిగారు.

నేను పశువైద్యుణ్ణి. ఉమ్మడి గుంటూరు జిల్లాలో 33 ఏళ్లు పనిచేసి 2011లో రిటైరయ్యాను. 1985 నుంచి ఇప్పటిదాకా ఆరు కార్లు వాడాను. ప్రతి బండికీ ఒక పుస్తకం పెట్టాను. ఎంత పెట్రోలు పోయించాను, మీటర్ ఎంత చూపించింది, ఏ సామాను మార్చాను, షెడ్డులో ఎంత ఇచ్చాను, ఆ రోజు ఏ ఊరు వెళ్లాను, అన్నీ అందులో ఉంటాయి. మా నాన్న పొలం ఖర్చులు అలాగే రాసేవారు. ఆయన్ని చూసి నాకు వచ్చిన అలవాటు. మీ ప్రశ్న చదివాక నిన్న అటక మీదనుంచి ఆ పుస్తకాలన్నీ దించి మళ్లీ చదివాను.

చదివితే తేలింది ఇది. ఏడాదిలో మూడొందల రోజులు మనకున్న పని చూసుకుని కొన్న బండి నాకు ప్రతిసారీ మేలు చేసింది. ఏడాదిలో పది రోజుల కోసం కొన్నదీ, చవగ్గా దొరికిందని కొన్నదీ డబ్బు తినేశాయి. కొనేటప్పుడు మాత్రం ఈ తేడా నాకు కనిపించలేదు. ఎలా కనిపించలేదో చెబుతాను.

మొదటిది 1985లో కొన్న ప్రీమియర్ పద్మిని. అందరం దాన్ని ఫియట్ అనే అనేవాళ్లం. నిజానికి అది ఇటలీ ఫియట్ 1100 బండే. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ తయారుచేసేది, 1974 నుంచి పద్మిని అని పేరు పెట్టింది. ఆ రోజుల్లో కొత్త కారు కావాలంటే ముందు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అంత ఓపికా లేదు, అంత డబ్బూ లేదు. తెనాలిలో ఒక రైసు మిల్లు యజమాని వాడిన 1977 మోడలు బండిని 38 వేలకు తీసుకున్నాను. అప్పుడు నాకు సరిగ్గా మీ వయసే. మీగడ రంగు బండి, లోపల ఎర్ర రెక్సిన్ సీట్లు. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు మా అమ్మ గుమ్మంలో నిమ్మకాయలు పెట్టి తొక్కించి, బానెట్ మీద పసుపు రాసింది. ఆ పసుపు మరక ఎండకు అతుక్కుపోయి చాలా రోజులు పోలేదు, నేనూ తుడవలేదు.

దాని గేరు రాడ్డు స్టీరింగు పక్కన ఉండేది. ముందు సీటు ఒకే బెంచీ కాబట్టి ముందు ముగ్గురం కూర్చునేవాళ్లం. ఇంజిన్ 1089 సీసీ. లీటరుకు పదకొండు వచ్చినట్టు పుస్తకంలో ఉంది, మంచి రోడ్డు దొరికిన రోజు పన్నెండు. పొద్దున్నే చోక్ లాగి స్టార్ట్ చేయాలి, వేడెక్కగానే మెల్లగా నెట్టేయాలి. మరిచిపోతే ప్లగ్గులు నల్లగా మసిపట్టి మొరాయిస్తుంది. మూడు వేల కిలోమీటర్లకొకసారి పాయింట్ల గ్యాపు, టాపెట్లు (వాల్వులను కదిలించే భాగాలు) సరిచేయించాలి, అడుగున గ్రీజు కొట్టించాలి. అప్పట్లో కారు అంటే ఇంట్లో పాడి పశువు ఉన్నట్టే. రోజూ దాని ముఖం చూడాలి.

ఈ పనులన్నీ నాకు నేర్పింది గుంటూరులో షెడ్డు నడిపే ఒక పెద్దాయన. అందరూ భాయ్ అనేవాళ్లు. ఆయన ఒకసారి నన్ను బానెట్ మీదకు వంగమని, "డాక్టరు గారూ, మీరు గేదె డొక్కకు గొట్టం ఆనించి వింటారు గదా, దీన్నీ అట్టాగే వినండి" అన్నారు. పైనుంచి సన్నగా టకటకమని వస్తే టాపెట్. బండి ఎత్తు ఎక్కేటప్పుడు కిందనుంచి బరువుగా కొట్టుకుంటే బేరింగు. క్లచ్ తొక్కితే ఆగి, వదిలితే వచ్చే చప్పుడు గేరు బాక్సుది. నలభై ఏళ్లయినా ఆ పాఠం నాకు పనికొస్తూనే ఉంది. రేపు మీరు పాత బండి చూడటానికి వెళితే మీకూ పనికొస్తుంది.

1987లో నన్ను రెంటచింతల వైపు బదిలీ చేశారు. మన రాష్ట్రంలో ఎండ అంటే మొదట వినిపించే ఊరు అది. మే నెల మధ్యాహ్నం ఎక్కడైనా పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే బండి అందుకునేది కాదు. ఇంజిన్ వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి కార్బొరేటర్‌కు అందదు. ఇంజిన్‌కు ఆనుకుని మెకానికల్ పంపు ఉండే ఆనాటి బండ్లన్నిటికీ ఉన్న సమస్యే అది. తువ్వాలు తడిపి పంపు మీద, పైపు మీద కప్పి పావుగంట చెట్టు కింద కూర్చుంటే మళ్లీ నడిచేది. అందుకని ఎప్పుడూ కారులో ఒక నీళ్ల డబ్బా, పాత తువ్వాలు ఉండేవి. ఇప్పటి బండ్లలో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది, పెట్రోలు ఒత్తిడితో వస్తుంది కాబట్టి ఈ బాధ లేదు.

ఆ బండి విలువ నాకు పూర్తిగా తెలిసింది 1990 మే తుపానులో. అప్పుడు రేపల్లె దగ్గర పనిచేస్తున్నాను. మే 9న తుపాను తీరం దాటింది. నీళ్లు తీసిన కొద్దీ చచ్చిన గొడ్లు బయటపడుతున్నాయి. వాటిని పూడ్పించడం ఒక పని, మిగిలిన వాటికి గొంతువాపు రాకుండా, జబ్బవాపు రాకుండా టీకాలు వేయడం ఇంకో పని. టీకా మందు చల్లగా ఉండాలి, రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య. కరెంటు లేదు. ఫియట్ వెనక సీటు ఊడదీసి ఇంట్లో పెట్టాను. ఆ చోటులో ఐసు ముక్కలు నింపిన థర్మోకోల్ పెట్టెలు సర్ది, ఊకతో కప్పి, నిజాంపట్నం వైపు ఊళ్లకు తిరిగాను.

రోడ్డు మీద మోకాలు లోతు నీళ్లు ఉన్నచోట భాయ్ చెప్పినట్టే చేసేవాణ్ణి. ముందు ఫ్యాను బెల్టు వదులు చేయాలి, లేకపోతే ఫ్యాను నీళ్లను చిమ్మి, ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను తడిపేస్తుంది. నీటి పంపు కూడా ఆ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి ఎక్కువ దూరం అలా పోకూడదు. ఫస్ట్ గేరులో యాక్సిలేటర్ వదలకుండా ఒకే తీరున పోవాలి, వదిలితే సైలెన్సర్‌లోకి నీళ్లెక్కుతాయి. గట్టున పడ్డాక బెల్టు బిగించి, కాసేపు బ్రేకు మీద మెల్లగా కాలు ఆనించి నడపాలి, ఎందుకంటే తడిసిన డ్రమ్ములు పట్టవు. పదకొండు రోజులు అలా తిరిగాం, నేను, మా కాంపౌండరు. పుస్తకంలో ఆ పదకొండు రోజులకూ ఊళ్ల పేర్లు, వేసిన టీకాల లెక్క తప్ప ఇంకేం రాయలేదు. ఇప్పటి కారును అలా నీళ్లలోకి దించకండి. ఇంజిన్ గాలి పీల్చుకునే గొట్టంలోకి నీళ్లు పోతే కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. ఆ ఖర్చు ఇన్సూరెన్సులో రావాలంటే ఇంజిన్ ప్రొటెక్షన్ విడిగా తీసుకుని ఉండాలి.

ఉప్పుగాలిలో తిరిగినందుకు నాలుగేళ్లలో దాని అడుగు తుప్పుపట్టింది. 1994లో 26 వేలకు అమ్మేశాను. తొమ్మిదేళ్లలో లక్షా పదకొండు వేల కిలోమీటర్లు, ఒకసారి ఇంజిన్ బోరు, రెండు క్లచ్ ప్లేట్లు. బొంబాయిలో చివరి పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో రోడ్డు దిగాయని పేపర్లో చదివినప్పుడు ఆ పుస్తకం తీసి చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను.

రెండోది 1994లో కొన్న తెల్ల మారుతి 800. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి తాళాలు ఒక సామాన్య ఉద్యోగి చేతికి ఇచ్చినప్పుడు, ఆ ఫొటో చూసి మేమంతా ఇది మన రోడ్ల మీద ఎన్నాళ్లు ఆగుతుంది అనుకున్నాం. 796 సీసీ, మూడే సిలిండర్లు, పన్నెండు అంగుళాల చక్రాలు. బరువు ఫియట్ ముందు చాలా తక్కువ. పదేళ్లు చూశాక గానీ నాకు నమ్మకం కుదరలేదు. కొన్న మొదటి ఏడాది పుస్తకం చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది: పేజీలకు పేజీలు పెట్రోలు లెక్క తప్ప ఇంకేమీ లేదు. ఆయిల్ మార్పు, ఒక పంక్చరు, అంతే. లీటరుకు పదిహేడు. ఫియట్‌కు నెలకో రెండుసార్లు బానెట్ ఎత్తినవాణ్ణి, దీనికి ఎత్తాల్సిన పనే లేకపోయింది.

అక్కడే ఒక తప్పు చేశాను. ఎత్తాల్సిన పని లేదని అసలు చూడటమే మానేశాను. 1996 ఎండాకాలంలో రేడియేటర్ గొట్టం చిట్లి నీళ్లు కారిపోతుంటే, టెంపరేచర్ ముల్లు పైకి పోయినా "ఇంకో ఐదు కిలోమీటర్లే కదా" అని లాగాను. దాని సిలిండర్ హెడ్ అల్యూమినియంది. వేడికి వంగిపోయింది. హెడ్ సాపు చేయించి గ్యాస్కెట్ మార్చేసరికి నా నెల జీతంలో సగం పోయింది. ముల్లు ఎరుపులోకి వెళితే ఎంత అర్జెంటు పని ఉన్నా అక్కడే పక్కకు తీసి ఇంజిన్ ఆపండి, రేడియేటర్ క్యాప్ మాత్రం వెంటనే విప్పకండి.

ఆ కారు గురించి ఇంకో మాట చెప్పాలి. మా ఆవిడ స్కూలు టీచరు. ఫియట్ స్టీరింగు తిప్పాలంటే భుజబలం కావాలి, గేరు రాడ్డు అందుకోవడం కష్టం, క్లచ్ బరువు. ఎన్నిసార్లు నేర్పుతానన్నా వద్దనేది. 800 వచ్చిన నెలలో తనంతట తనే తాళాలు అడిగింది. ఆరు వారాల్లో లైసెన్సు తీసుకుంది. మా వీధిలో కారు నడిపిన మొదటి ఆడమనిషి తను. తర్వాత పదమూడేళ్లు అది తన కారే, నేను అడిగి తీసుకునేవాణ్ణి. ఇద్దరు పిల్లలూ దాని మీదే నేర్చుకున్నారు. చిన్న, తేలికైన, చెడిపోని బండి వస్తే ఇంట్లో నడిపేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. మీ ఇంట్లోనూ కారు మీరొక్కరే నడుపుతారో, మీ శ్రీమతి కూడా నడుపుతారో ముందు తేల్చుకోండి. ఆవిడ నడిపేటట్టయితే ఆవిడ కూర్చుని చూసి ఒప్పుకున్నదే కొనండి. ఏది సంతోషం ఇచ్చింది అని అడిగారు కదా, నా జవాబు ఈ 800.

మూడోది 2002లో. 800 మా ఆవిడకు కావాలి, నాకు ఊళ్లు తిరగడానికి ఇంకోటి కావాలి. డీజిల్ బండి, 28 వేల కిలోమీటర్లు తిరిగిందని ఒక బ్రోకరు చూపించాడు. కంపెనీ పేరు అనవసరం, ఎందుకంటే తప్పు కారుది కాదు. మార్కెట్ ధర కన్నా నలభై వేలు తక్కువ. అదే నన్ను కళ్లు మూసుకునేలా చేసింది. నాలుగు టైర్లూ కొత్తవి. చూసి ముచ్చటపడ్డానే గానీ, 28 వేలు తిరిగిన బండికి నాలుగు కొత్త టైర్లు ఎందుకు పడ్డాయి అని అడగలేదు. క్లచ్ పెడల్ రబ్బరు ఒక పక్క నున్నగా అరిగిపోయి ఉంది. డ్రైవరు సీటు అంచు చితికిపోయి ఉంది. పశువు పళ్లు చూసి వయసు చెప్పే పని చేసేవాణ్ణి, బండి పళ్లు చూడలేదు. మీటరు వెనక్కి తిప్పేశారు. ఏడు నెలలకే ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది, భాయ్ విప్పి చూసి ఇది లక్ష దాటిన ఇంజిన్ అన్నారు. ఇంజిన్ పని, పంపు పని, ఇంజెక్టర్లు. మూడేళ్లలో బాగుచేయించడానికి పెట్టింది కలిపితే అప్పట్లో కొత్త చిన్న కారే వచ్చేది. ఆ పుస్తకం చదవడానికి నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

నాలుగోది 2008లో కొన్న స్విఫ్ట్ డీజిల్. దీని దగ్గర నేను ముందు లెక్క వేసి తర్వాత షోరూముకు వెళ్లాను. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలు అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ లోపు ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకం 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. మన దగ్గర ఇన్ని పొట్టి కార్లు పుట్టుకురావడానికి కారణం అదే. స్విఫ్ట్ ఇంజిన్ 1248 సీసీ, ఆ లెక్కలోకి వచ్చింది. డీజిల్ బండి పెట్రోలు కన్నా దాదాపు లక్ష ఎక్కువ. నేను ఏడాదికి 17 వేల కిలోమీటర్లు తిరుగుతాను. అప్పటి ధరల్లో కిలోమీటరుకు రూపాయిన్నర దాకా మిగిలేది, నాలుగేళ్లలో ఆ లక్ష తిరిగొచ్చింది. 2012లో అయితే పెట్రోలుకూ డీజిల్‌కూ మధ్య లీటరుకు ముప్పై రూపాయల తేడా ఉండేది. పద్నాలుగేళ్లు వాడాను, 2,38,000 కిలోమీటర్లు. అమ్మేటప్పుడు కూడా పొద్దున ఒక్క సెల్ఫ్‌కు స్టార్ట్ అయ్యేది.

మీ బావగారు డీజిల్ అంటున్నది బహుశా ఆ రోజుల లెక్క గుర్తుండి. ఇప్పుడు ఆ లెక్క మారింది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వ నియంత్రణ ఎత్తేశారు, తేడా తగ్గిపోయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లకు పొగలోని మసిని పట్టే ఫిల్టరు పెట్టారు. ఆ మసి కాలిపోవాలంటే బండి హైవే మీద కాసేపు ఆగకుండా వేగంగా పోవాలి. రోజూ ఊళ్లోనే ఐదారు కిలోమీటర్లు పోయి ఆగే బండిలో ఫిల్టరు నిండిపోయి లైటు వెలుగుతుంది, తర్వాత ఖర్చు. రోజుకు పాతిక కిలోమీటర్లు, అదీ ముక్కలు ముక్కలుగా తిరిగే మీకు డీజిల్ వద్దు.

ఐదోది 2013లో కొన్న ఇన్నోవా. అమెరికాలో ఉన్న అమ్మాయి పిల్లలతో వస్తుంది, అబ్బాయి కుటుంబం హైదరాబాదు నుంచి వస్తుంది, అందరం ఒకే బండిలో తిరుపతి పోవచ్చు అనుకున్నాను. బండి మీద ఒక్క మాట అనడానికి లేదు, ఎంత దూరం పోయినా నడుం నొప్పి తెలియలేదు. కానీ నాలుగేళ్లలో ఏడు సీట్లూ నిండిన రోజులు 46 అని పుస్తకం చెబుతోంది. మిగతా రోజుల్లో నేనూ మా ఆవిడా పాలప్యాకెట్లకు స్విఫ్టే తీసుకెళ్లాం, ఎందుకంటే ఇన్నోవా మా సందులో తిరగదు. ఇన్సూరెన్సు, తరిగిన విలువ కలిపితే ఏడాదికి లక్షన్నర పైనే పోయింది. ఆ 46 రోజులకూ డ్రైవరుతో సహా బండి అద్దెకు తెచ్చుకుని ఉంటే నాలుగేళ్లకు కలిపి రెండు లక్షలు కూడా అయ్యేది కాదు. 2017లో అమ్మేశాను. మీరు సంక్రాంతి కోసం ఏడు సీట్లు అంటున్నారని చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది. కొనకుండా ఉండాల్సింది ఏదంటే మూడోది, ఆ తర్వాత ఇది.

ఆరోది ఇప్పుడు వాడుతున్న నెక్సాన్ ఈవీ, అంటే కరెంటు కారు, 2022లో తీసుకున్నాను. 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ. పరీక్షల్లో 312 కిలోమీటర్లని చెప్పారు, నాకు ఏసీతో 200 నుంచి 220 వస్తుంది. తెనాలిలో సొంత ఇల్లు, కారు నిలిపేచోట 15 యాంపుల ప్లగ్గు పెట్టించాను, విడిగా మంచి ఎర్తింగ్ వేయించాను. రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. కిలోమీటరుకు కరెంటు ఖర్చు రూపాయీ పావలా చొప్పున తేలింది. గుంటూరు, విజయవాడ, రేపల్లె, నా తిరుగుడంతా దీని పరిధిలోనే. హైదరాబాదు వెళ్లాలంటే దారిలో సూర్యాపేట దగ్గర గంట ఆగాలి. మొదటిసారి వెళ్లినప్పుడు ఛార్జర్ పనిచేస్తుందో లేదో అని చాలా టెన్షన్ పడ్డాను. ఇప్పుడు ముందే ఫోన్‌లో చూసుకుని, ఇంకో చోటు కూడా మనసులో పెట్టుకుని బయల్దేరతాను.

మీకు ఈవీ సరిపోతుందా అంటే, రోజుకు పాతిక కిలోమీటర్లకు, వినుకొండ రానూపోనూ తొంభైకి నిక్షేపంలా సరిపోతుంది. కానీ మీరు అద్దె ఇంట్లో రెండో అంతస్తులో ఉంటున్నామన్నారు. కింద ప్లగ్గు పెట్టుకోవడానికి ఇంటాయన ఒప్పుకోవాలి, మీరు ఇల్లు మారిన ప్రతిసారీ మళ్లీ ఒప్పించాలి. రాత్రి ఇంట్లో ఛార్జింగ్ లేకుండా ఈవీ కొంటే రోజూ పరుగే. సొంతింట్లోకి వెళ్లేదాకా ఆగండి.

కాబట్టి నా సలహా చిన్న పెట్రోలు కారు. మీ శ్రీమతి చెప్పిందే సరైనది. మూడేళ్ల పాప ఉంది కాబట్టి ఒక విషయంలో మాత్రం పీనాసితనం వద్దు. నా మొదటి రెండు కార్లలో ఎయిర్‌బ్యాగు లేదు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) లేదు, వెనక బెల్టులు లేవు, పిల్లల్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుని తిప్పాం. అప్పుడు రోడ్ల మీద వేగం యాభై అరవై. ఇప్పుడు నాలుగు వరుసల రోడ్డు మీద వంద తక్కువ కాదు. 2014లో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ వాళ్లు మన దేశపు ఐదు చిన్న కార్లను గుద్దించి చూస్తే ఐదింటికీ పెద్దల భద్రతలో సున్నా స్టార్లు వచ్చాయి. 2019 నుంచి ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగు, 2022 నుంచి ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దగ్గరే స్టార్లు ఇస్తున్నారు. సన్‌రూఫ్ ఉన్న మోడలుకు పెట్టే డబ్బు స్టార్లున్న బండికి పెట్టండి. వెనక సీట్లో చైల్డ్ సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలున్నాయో లేదో చూసి, పాపకు చైల్డ్ సీటు బండితోపాటే కొనండి.

కొత్తది బడ్జెట్‌కు మించితే మూడు నాలుగేళ్ల పాతది చూడండి, 2022 తర్వాత తయారైనదే. కంపెనీ సర్వీసు సెంటర్‌కు వెళ్లి, బండి యజమానిని పక్కన పెట్టుకుని, నంబరు చెప్పి పాత సర్వీసు రికార్డు అడగండి. అందులో ప్రతి సర్వీసుకూ మీటర్ రీడింగు ఉంటుంది, ఎక్కడైనా వెనక్కి తిరిగితే అక్కడే పట్టుబడుతుంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2322 అంటే 2022లో 23వ వారంలో తయారైంది. బండి తేదీతో పోల్చుకోండి. స్టెప్నీ మీదా చూడండి. పెడల్ రబ్బర్లు, డ్రైవరు సీటు అంచు, స్టీరింగు నునుపు మీటరుతో సరిపోవాలి. సీటు బెల్టులు చివరిదాకా బయటికి లాగండి. లోపలి చివర బురద మరక ఉంటే ఆ బండి వరద నీళ్లలో నానింది, 2024 విజయవాడ వరదల తర్వాత ఇది మరీ చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత విప్పి అక్కడే బోర్లా పెట్టండి. మూత ఎగిరెగిరి పడుతూ పొగ చిమ్ముతుంటే పిస్టన్ రింగులు పోయినట్టు.

కాగితాల దగ్గర తొందర పడొద్దు. ఆర్‌సీలో ఫైనాన్సు పేరు ఉంటే బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), అప్పు తీరిందని చెప్పే ఫారం 35 చేతికి వచ్చాకే డబ్బు మొత్తం ఇవ్వండి. పేరు మార్పిడికి వాడే 29, 30 ఫారాల మీద ఊరికే సంతకాలు పెట్టించుకుని ఇంట్లో దాచుకోవద్దు, పేరు మారేదాకా వెంటపడండి. పెండింగు చలాన్లు నంబరు కొట్టి చూసుకోండి. హైదరాబాదులో చవగ్గా దొరుకుతుందని తెలంగాణ బండి తెచ్చుకుంటే ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అది కలిపి లెక్కేస్తే చాలాసార్లు చవక ఏమీ మిగలదు.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, వస్తున్నామని కచ్చితమైన టైం చెప్పకండి. వెళ్లగానే ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉంటే మీరే స్టార్ట్ చేసి, మొదటి పది సెకన్లు ఎవరితోనూ మాట్లాడకుండా చెవి పెట్టి వినండి, పొగ వస్తోందేమో అద్దంలో సైలెన్సర్ వైపు చూడండి. వేడిగా ఉంటే మాత్రం మీరు రాకముందే ఎందుకు స్టార్ట్ చేశారో అడగండి. సరైన జవాబు రాకపోతే టీ తాగి వచ్చేయండి.